గరిడిలో తొలిపాఠం

సాము నేర్చుకొనే చోటుకు తెలుగులో గరిడి అని పేరు. కుస్తీ పట్టే మట్టినేలను గోదా అంటారు. వ్యాయామశాలను తాలింఖానా అంటారు. నేర్పేవాడు వస్తాదు. ఈ మాటలలో కొన్ని పరభాషల నుండి వచ్చి మన నోళ్లలో నలిగి మనవే అయినవి. పేరు ఏదైనా, అక్కడ క్రొత్తగా అడుగుపెట్టే కుర్రవాని కోరిక మాత్రం ఒక్కటే: ఎదుటివానిని ఎట్లా కొట్టాలో తనకు వెంటనే తెలియాలి. వస్తాదు ఆ కోరికను మొదటిరోజుననే ప్రక్కకు పెడతాడు. మట్టికి మ్రొక్కించి, మూల నిలబెట్టి, తక్కినవారి సాము చూడుమంటాడు. మరునాటి నుండి దండీలు, బస్కీలు. కర్ర చేతికి వచ్చేసరికి చాలా దినాలు గడుస్తాయి.

ఒక్కొక్క వస్తాదుది ఒక్కొక్క పద్ధతి. అయినా పాఠాల వరుసలో ఒక పోలిక ఉన్నది. మొదటిది నిలకడ. రెండు పాదాలూ జోడించి నిలిచినవాడు చిన్న తోపుకే పడిపోతాడు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు వేసి, మోకాళ్లు కొద్దిగా వంచి, బరువును రెండింటిమీదా సమంగా మోయడం నేర్చుకోవలెను. రెండవది చూపు. ఎదుటివాని చేతినే చూచేవాడు ఆ చేయి చూపే మాయలో చిక్కుతాడు. భుజాన్ని, రొమ్మును కనిపెట్టి ఉండేవానికి దెబ్బ బయలుదేరకమునుపే దాని దారి తెలుస్తుంది. మూడవది ఊపిరి. నాలుగవది అడ్డు, అనగా వచ్చే దెబ్బను కర్రతో ఆపడమో, ఒడలు ప్రక్కకు తొలగించడమో. అయిదవది వెనుకడుగు. దెబ్బ వీటన్నిటికీ తరువాతి సంగతి.

తక్కిన పాఠాల మాట ఎట్లా ఉన్నా, వెనుకడుగు పాఠమనగానే మన మనస్సు ఒప్పుకోదు. వెనుకకు తగ్గడం పిరికితనమని చిన్ననాటినుండి విన్నాము. మన వీరగాథలన్నీ వెన్ను చూపనివారి కథలే. మరి గరిడిలో దానిని విద్యగా నేర్పడమేమి? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి నెల్లూరు సీమను మించిన చోటు లేదు. ఇక్కడ 13వ శతాబ్దంలో, ఒకే ఇంటిలో, ఒకే పేరుగల ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు ఈ ప్రశ్నను రెండు విధాలుగా ఎదుర్కొన్నారు. ఒకడు కవి తిక్కన. మరొకడు ఖడ్గ తిక్కన.

కవి తిక్కన పెన్నానది ఒడ్డున, నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేసినాడు. ఆయన ఎత్తుకొన్న మొదటి పర్వమే గరిడి విద్యార్థికి మంచి పాఠ్యగ్రంథమని చెప్పవచ్చును. ఆ పర్వంలో మహాబలుడైన భీముడు ఏడాదిపాటు తన బలాన్ని దాచుకొని వంటవాడుగా బ్రతుకుతాడు. జీమూతుడనే మల్లుడు విరాటుని కొలువుకు వచ్చి సవాలు చేసిన వేళ అతనికి మొదట కలిగేది ఉత్సాహం కాదు, సంకోచం. తన పట్టు చూచి ఎవరైనా తనను గుర్తిస్తారేమోనన్న జంకు అది. రాజు ఆజ్ఞ అయినందున గోదాలో దిగి, జీమూతుని కూల్చి, మరల గరిటె పట్టుకొంటాడు.

అంతకంటె గొప్ప పాఠం కీచకుని ఘట్టంలో ఉన్నది. నిండుకొలువులో ద్రౌపదిని కీచకుడు తన్నినప్పుడు భీముని చూపు దగ్గరనున్న వృక్షం మీదికి పోయినది. ఆ చెట్టును పెరికి అక్కడివారందరినీ మోదవలెనని అతని తలంపు. ధర్మరాజు ఆ చూపును కనిపెట్టినాడు. వంటకట్టెల కోసమే అయితే వేరే చెట్లు చూచుకొమ్మన్న భావం వచ్చేటట్లు, పైకి సామాన్యంగా వినబడే మాటతో తమ్ముని వారించినాడు. భీముడు ఒక్క దెబ్బ కూడ వేయలేదు. చూపు ఒక్కటే అతని గుట్టు బయటపెట్టబోయినది. చూపు పాఠంలో వస్తాదు చెప్పేది ఇదే గదా: నీవు ఎదుటివాని భుజం చదువుతున్నట్లే వాడు నీ కన్ను చదువుతున్నాడు, ఎక్కడ కొట్టదలచినావో అక్కడికి ముందుగా చూడవద్దు.

ఆనాడు వెనుకకు తగ్గిన భీముడు తన పోరుకు చోటు, వేళ తానే ఏర్పరచుకొన్నాడు. చోటు నర్తనశాల. వేళ నడిరేయి. చీకటిలో ముందుగా వెళ్లి కాచుకొన్నాడు. ఎదుటివాడు తనంతట తాను దగ్గరకు వచ్చినాడు. కొలువులో పగటివేళ చెట్టు పెరికి ఉంటే అజ్ఞాతవాసం భగ్నమై, పన్నెండేండ్ల అరణ్యవాసం మరల మొదటికి వచ్చేది. కోపం తగ్గినందువలన కాదు, కోపాన్ని ఆపుకోగలిగినందువలన అతడు గెలిచినాడు.

ఊపిరి పాఠానికి భారతంలోనే మరొక నిదర్శన సభాపర్వంలో ఉన్నది. భీమ జరాసంధుల మల్లయుద్ధం కార్తికమాసం మొదటి దినాన ఆరంభమైనది. రాత్రింబవళ్లు సాగి, పదునాలుగవ రాత్రి జరాసంధుడు అలసినాడు. అప్పుడు కృష్ణుడు పలికిన మాటలోని సూచనను భీముడు గ్రహించినాడు. ఇద్దరి బలమూ సమమైనప్పుడు గెలుపు పట్టులో ఉండదు. ఎవరి ఊపిరి చివరిదాకా నిలుస్తుందో వానిదే గెలుపు. క్రొత్తవాడు మొదటి నిమిషంలోనే బలమంతా ఖర్చుపెట్టి, రెండవ నిమిషంలో నోరు తెరచుకొని నిలుస్తాడు. అనుభవజ్ఞుడు ఆ రెండవ నిమిషం కోసమే కాచుకొని ఉంటాడు.

ఇది పురాణాల మాట అనుకోవద్దు. రాజులు ఈ విద్యను శాస్త్రంగా వ్రాయించి పెట్టినారు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమనే సంస్కృత గ్రంథంలో మల్లవినోదం అనే ప్రకరణం కూర్చినాడు. అందులో మల్లులను వయస్సునుబట్టి, ఒడలినిబట్టి, బలాన్నిబట్టి తరగతులుగా విభజించినాడు. వారికి పెట్టవలసిన ఆహారం, వారు చేయవలసిన వ్యాయామం చెప్పినాడు. ఎవరితో ఎవరికి జోడు అన్న విచారణ లేక గోదాలో దింపడం వినోదం కాదు, హింస అని ఆ కాలంవారికి తెలుసు.

నాలుగు వందల ఏండ్ల తరువాత, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల ప్రాతఃకాల సాధనను వర్ణించినాడు. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలంతా అదే నూనె పట్టించుకొనేవాడట. తరువాత మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తి, త్రాగిన నూనె చెమటగా వెలువడేదాకా కత్తిసాము చేసేవాడట. ఆపైన తన మల్లులలో ఒకనితో కుస్తీ, ఆపైన గుర్రపుస్వారీ. గమనించండి: ఈ వరుసలో కుస్తీ చివరికి దగ్గరగా ఉన్నది. ఒడలు వేడెక్కక, ఊపిరి కుదురుకొనక, చక్రవర్తి అయినా గోదాలో దిగలేదు.

ఆ రాయలే నెల్లూరు సీమకు వచ్చి ఓర్పు పాఠాన్ని కొండమీద వ్రాసినాడు. నేటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గం అప్పుడు గజపతుల చేతిలో ఉన్నది. 1513లో మొదలైన ముట్టడి ఏడాదిన్నర సాగినదని నూనిజ్ అనే మరొక పోర్చుగీసువాడు వ్రాసినాడు. ఆకలికి మాడ్చి తప్ప పట్టరాని కోట అది అని కూడ అతడు చెప్పినాడు. రాయలు గోడలకు తల కొట్టుకోలేదు. గుట్టలను, పెద్ద పెద్ద బండలను పగులగొట్టించి, తన భటులు బురుజులను చేరడానికి దారులు వేయించినాడు. 1514లో కోట వశమైనది. దెబ్బ కొట్టడానికి ముందు కాలు నిలిచే చోటు చూచుకొమ్మన్న గరిడి సూత్రం, సైన్యాలకు కూడ వర్తించినదన్నమాట.

ఇక ఖడ్గ తిక్కన కథకు వస్తాము. ఈ కథ మనస్సును కలచేది. మంత్రి భాస్కరుని కుమారులలో సిద్ధన ఒకడు, కొమ్మన ఒకడు. కొమ్మన కుమారుడు కవి. సిద్ధన కుమారుడు మనుమసిద్ధికి సేనాని. ఆ రోజులలో కరవు వచ్చి, కాటమరాజు నాయకత్వాన యాదవులు అపారమైన గోసంపదను తోలుకొని దక్షిణానికి దిగి, నెల్లూరు ప్రభువు బీళ్లలో మేపుకొన్నారు. మేపినందుకు చెల్లించవలసిన పుల్లరి దగ్గర మాట చెడినది. పాలేటి ఒడ్డున పంచలింగాల వద్ద యుద్ధం జరిగినది. కాటమరాజు కథగా పల్లెలలో నేటికీ పాడుకొనే వీరగాథకు మూలమిదే.

ఆ యుద్ధంలో ఖడ్గ తిక్కన సేన నాశమైనది. మరల బలం కూర్చుకొనే తలంపుతో అతడు నెల్లూరికి తిరిగివచ్చినాడు. గరిడి భాషలో చెప్పాలంటే వెనుకడుగు వేసినాడు. ఇంటివద్ద అతనికి దొరికిన స్వాగతాన్ని తెలుగువారి చాటువులు మరువలేదు. భార్య చానమ్మ స్నానానికి మరుగుగా మంచం నిలిపి, నీళ్లబిందె వద్ద పసుపుముద్ద పెట్టినది. ఆడుదానికి చేసే మర్యాద అది. అతడు భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసినది. విరిగి వచ్చినవి పాలు ఒక్కటేనా అన్న ఎత్తిపొడుపు ఆ విస్తరిలో ఉన్నది. ఖడ్గ తిక్కన తినలేదు. మరల రణరంగానికి వెళ్లినాడు. తిరిగి రాలేదు.

ఏడు వందల ఏండ్లుగా మనం ఆ తల్లిని, ఆ భార్యను వీరమాత, వీరపత్ని అని కొనియాడుతున్నాము. ఆ కాలపు ధర్మంలో వారి మాటకు ఉన్న గౌరవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఒక్క క్షణం గరిడిలోని వస్తాదును ఆ ఇంటి అరుగుమీద కూర్చుండబెట్టండి. సేన పోయిన సేనాని బలం కూర్చుకొనడానికి వస్తే అతడు ఏమనేవాడు? ముందు నీరు త్రాగు, ఊపిరి తీసుకో, ఎవరు మిగిలినారో లెక్క చూడు, ఎక్కడ నిలవాలో ఆలోచించు అనేవాడు. పరాభవంతో మండిపోతూ గోదాలో దిగినవాని చూపు నిలవదు, ఊపిరి నిలవదు, అడుగు నిలవదు. ఎదుటివానికి కావలసినదీ అదే. ఆనాడు ఖడ్గ తిక్కన తీసుకొనిపోయినది కత్తి ఒక్కటే. గెలవాలన్న తలంపు ఇంటిలోనే నశించినది. మిగిలినది మరణించాలన్న పంతం.

అదే ఇంటి మరొక తిక్కన చేసినది చూడండి. అక్కన, బయ్యన అనేవారు మనుమసిద్ధిని పదవీభ్రష్టుని చేసినప్పుడు, కవి తిక్కన ఓరుగల్లుకు ప్రయాణమై కాకతి గణపతిదేవుని కొలువుకు వెళ్లినాడని సిద్ధేశ్వరచరిత్ర వంటి గ్రంథాలు చెబుతున్నాయి. అక్కడ భారతార్థాలు వినిపించి, చక్రవర్తి ఆదరం పొంది, సైన్యసహాయం సంపాదించినాడు. గణపతిదేవుని సేన వచ్చి శత్రువులను ఓడించి మనుమసిద్ధిని మరల గద్దెమీద నిలిపినది. ఓడిపోయిన ప్రభువును విడిచి ఊరు దాటి పోయినాడని కవిని ఎవరూ నిందించలేదు. ఎందుకనగా, అతడు గెలుపుతో తిరిగివచ్చినాడు. వెనుకడుగుకు విలువ కట్టేది దాని తరువాతి అడుగు. ఖడ్గ తిక్కనకు ఆ తరువాతి అడుగును తీరికగా వేసే అవకాశం ఇంటివారే ఇవ్వలేదు.

నెల్లూరు సీమలోను, పొరుగు సీమలలోను పొలిమేరలలో వీరగల్లులు కనబడతాయి. ఆలమందలను కాపాడుతూ నేలకూలినవారి గుర్తులు అవి. వాటికి మనం మ్రొక్కవలసినదే. అయితే, బ్రతికి తిరిగివచ్చినవానికి ఎక్కడా రాయి లేదు. అతని ప్రతిమను చెక్కినవాడు లేడు. అతడు మాత్రం తిరిగివచ్చి ఊరి పిల్లలకు గరిడి పెట్టినాడు. వస్తాదు అనేవాడు ఎప్పుడూ తిరిగివచ్చినవాడే. చనిపోయినవాడు స్ఫూర్తి ఇవ్వగలడు గాని పాఠం చెప్పలేడు. విద్య అంతా తిరిగివచ్చినవాని వెంటనే నడచివచ్చినది.

రాజ్యాలు పోయిన తరువాత కూడ ఈ విద్య పోలేదు. 1878లో ఆంగ్ల ప్రభుత్వం ఆయుధాల చట్టం చేసి, అనుమతి లేక భారతీయులు ఆయుధాలుంచుకోరాదన్నది. కత్తి మూలపడినా వెదురుకర్ర మిగిలినది. దసరా ఉత్సవాలలోను, మొహరం ఊరేగింపులలోను కర్రసాము కొనసాగినది. హిందువుల గరిడిలో ముస్లిం వస్తాదు, ముస్లింల తాలింఖానాలో హిందూ శిష్యుడు మన ఊళ్లకు వింత కాదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి బిగించిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచి, కలియుగ భీముడని పేరు పొందినాడు. ఆయన 1942లో పరమపదించినాడు. గొలుసు తెంచినది కండ అని చూచేవారు అనుకొన్నారు. ఆయన సాధన అంతా ఊపిరి మీద.

కర్ర కూడ కొనలేని పేదవానికి చెడుగుడు ఉన్నది. మైపాడు ఇసుకలోనైనా, ఏ పల్లె వీధిలోనైనా, ఆ ఆటకు కావలసినది ఒక గీత. కూత పెట్టినవాడు ఒకే ఊపిరితో అవతలి బరిలోనికి వెళ్లి, ఎదుటివానిని తాకి, ఆ ఊపిరి విడవకముందే గీత దాటి తిరిగిరావలెను. ఎంతమందిని తాకినా తిరిగిరాకపోతే తాకినది లెక్కకు రాదు, పైగా తానే బయటికి పోతాడు. వీరగాథ మరచినదానిని ఆట మరువలేదు. తిరిగివచ్చినవానికే గెలుపు అని నియమం పెట్టినది. ఈ ఆటే కబడ్డీ పేరుతో 1990లో పీకింగులో జరిగిన ఆసియా క్రీడలలో పతకాల పోటీగా చేరినది.

ఈ కాలపు పిల్లలకు గోదా దూరమై, తెర దగ్గరైనది. 1987లో జపానులో వెలువడిన స్ట్రీట్ ఫైటర్, 1989లో వెలువడిన ఫైనల్ ఫైట్ మొదలైన వీడియో ఆటలలో బొమ్మ మల్లులు పిడికిళ్లతో పోరాడుతారు. పెద్దలు దీనిని చూచి విసుగుకొంటారు. విసుగు మాని ఒకసారి ప్రక్కన కూర్చుని చూడండి. క్రొత్తగా ఆడే పిల్లవాడు దెబ్బ మీటను ఆగకుండా నొక్కుతాడు. బొమ్మ చేతులు గాలిలో ఊగుతూ ఉండగా ఎదుటి బొమ్మ సందు చూచి కొడుతుంది. నేర్చినవాడు ముందు ఎదుటి బొమ్మ కదలిక చూస్తాడు. అడ్డు మీట పట్టుకొంటాడు. ఒక అడుగు వెనుకకు వేసి, దెబ్బ వృథాగా పోయిన తరువాత ఒక్కటి కొడతాడు. ఇద్దరు ముగ్గురు చుట్టుముడితే నడుమ నిలవక, అందరూ ఒకే ప్రక్కకు వచ్చేటట్లు తొలగుతాడు. పెన్న ఒడ్డు వస్తాదు చెప్పిన నిలకడ, చూపు, ఊపిరి, అడ్డు, వెనుకడుగు అక్కడ కూడ అదే వరుసలో పనికివస్తున్నాయి. ఆ పిల్లవానికి ఈ మాటలు చెప్పగల పెద్దవారు ఇంటిలో ఉంటే వాడు తొందరగా నేర్చుకొంటాడు, కోపం కూడ తగ్గుతుంది.

అయితే ఒక భేదం పిల్లలకు చెప్పకతప్పదు. తెరమీద ఓడిన బొమ్మ మరుక్షణం లేచి నిలుస్తుంది. పాలేటి ఒడ్డున పడినవాడు లేవలేదు. తెరమీద ఓటమికి నవ్వేవారు ఉండరు. మన వీధులలో, బడులలో ఇప్పటికీ ఉన్నారు. జగడం వద్దని తొలగిపోయిన కుర్రవానికి చేతులకు గాజులు తొడుగుకొమ్మని సలహా ఇచ్చే నోళ్లు ఏ ఊరిలోనూ తక్కువ కాలేదు. చానమ్మ పెట్టిన పసుపుముద్ద ఈ నోళ్లలో బ్రతికే ఉన్నది. ఆ మాట పడలేక మరల వెనుకకు మరలి, కత్తిపోటుకో కర్రదెబ్బకో గురియైన బిడ్డలకు ఏ చాటువూ పుట్టదు.

కనుక మీ ఇంటి కుర్రవాడు ఏ విద్యకు సిద్ధపడినా, అది గోదాలో కుస్తీ కానీ, మైదానంలో కబడ్డీ కానీ, తెరమీది ఆట కానీ, ముందుగా తిరిగిరావడం నేర్పండి. ఓడి వచ్చిన రోజున అన్నం పెట్టి, ఎక్కడ తప్పినదో అడగండి. అతడు చెప్పేది వినండి. మరునాటి సాధనకు అతనికి అంతకు మించిన బలం అక్కరలేదు.